కడియం నర్సరీ రైతులకు బహిరంగ లేఖ: వీరరాఘవన్ గారి గులాబీల గురించి

కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, జేగురుపాడు నర్సరీ రైతులకు, అంటు కట్టే మేస్త్రులకు, కవర్లు నింపే అక్కలకు, అన్నలకు,

నమస్కారం.

ఎం.ఎస్. వీరరాఘవన్ అనే పేరు మీలో కొందరు వినే ఉంటారు. వినని వాళ్ళే ఎక్కువమంది అనుకుని రాస్తున్నాను. ఆయన మన ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారి. ఉద్యోగంలో ఉండగానే గులాబీల్లో కొత్త రకాలు పుట్టించే పని మొదలుపెట్టారు. 1980లో, ఇంకా బోలెడు సర్వీసు ఉండగా, స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకుని భార్య గిరిజ గారితో కొడైకెనాల్ వెళ్ళిపోయారు. ఆ తర్వాత దశాబ్దాలపాటు ఆ దంపతులు పట్టుకున్నది ఒకటే పని: వేడి దేశాల్లో బతికే గులాబీ. వంద పైచిలుకు రకాలు తీశారు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో గులాబీ మనుషులకి వాళ్ళ పేరు తెలుసు. ఆయన ఉద్యోగం చేసిన నేల మీద మాత్రం నర్సరీకి వెళ్ళి ఆయన గులాబీ కావాలంటే "ఎర్రదా, పసుప్పచ్చదా అండీ?" అంటారు.

ఈ ఉత్తరం ప్రభుత్వానికి రాయొచ్చు కదా అని మా ఇంట్లోనే అన్నారు. ప్రభుత్వం శాలువా కప్పుతుంది, ఫోటో దిగుతుంది. మొక్క బతకాలంటే మాత్రం నర్సరీలోనే బతకాలి. ఒక రకం పది తోటల్లో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. కడియంలో పది మంది కట్టడం మొదలుపెడితే రెండేళ్ళలో దేశమంతా లారీలెక్కుతుంది. అందుకే మీకు రాస్తున్నాను.

నాది రాజమహేంద్రవరం. మిద్దె మీద తోట. మే నెలలో మన గులాబీ సంగతి మీకు నేను చెప్పాలా? పొద్దున్న ఆరింటికి ముద్దుగా విచ్చుకున్న పువ్వు పదయ్యేసరికి రేకుల అంచులు మాడి, పదకొండుకి రంగు వెలిసి, మధ్యాహ్నానికి కుండీలోనే రాలిపోతుంది. ఆకు తిప్పి చూస్తే అడుగున సన్న బూజులా ఎర్రనల్లి. వానాకాలం వచ్చిందా, నల్లమచ్చ తెగులు. గుండ్రటి మచ్చ, దాని అంచు ఈకలా చీలి ఉంటుంది, చుట్టూ ఆకు పసుపు తిరుగుతుంది, వేలితో తాకితే చాలు రాలుతుంది. కత్తిరించిన చోటు నుంచి కొమ్మ గోధుమరంగు తిరిగి కిందికి ఎండుకుంటూ వస్తుంది. అంటు కట్టిన చోటు దాకా వచ్చిందంటే పై మొక్క పోయినట్టే. తర్వాత కింది నుంచి, అంటుకి అడుగున వాడిన వేరు మొక్క చిగుళ్ళు వేస్తుంది, కొన్నవాళ్ళు గులాబీ మళ్ళీ బతికిందని సంబరపడతారు. ఒక నర్సరీలో అడిగితే "గులాబీ అంతేనండీ, ఏడాది పంట అనుకోండి" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వీరరాఘవన్ గారి వాదన ఇక్కడే మొదలవుతుంది. తప్పు మన మట్టిదీ కాదు, మన చేతిదీ కాదు. మనం కొంటున్న గులాబీలు పుట్టింది చలి దేశాల్లో, చలి కోసం. మంచు పడితే నిద్రపోయి వసంతంలో లేవడం వాటి రక్తంలో ఉంది. మన దగ్గర వాటికి నిద్ర లేదు, ఏడాది పొడవునా పని చేసి అలిసిపోతాయి. చలికి తట్టుకునే గులాబీ కోసం యూరప్ వాళ్ళు చలి ప్రాంతాల అడవి గులాబీలని తెచ్చి కలిపారు. వేడికి తట్టుకునేది కావాలంటే వేడి ప్రాంతాల అడవి గులాబీలనే తెచ్చి కలపాలి. అవి మన దేశంలోనే ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు, అంతే.

పూర్తిగా ముట్టుకోలేదనడం కూడా సరి కాదు లెండి. ఏడాదికి ఒక్కసారి కాకుండా మళ్ళీ మళ్ళీ పూసే గుణం యూరప్ గులాబీలకి వచ్చింది 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో చైనా నుంచి వెళ్ళిన మొక్కల వల్ల. వాటిలో రెండు, 1809లో ఇంగ్లండ్ చేరిన హ్యూమ్స్ బ్లష్, 1824లో చేరిన పార్క్స్ యెల్లో. ఈ రెండింటి వంశంలో జైజాంటియా అనే అడవి గులాబీ ఉందని పండితులు చెబుతారు. బొకేల్లో కనిపించే ఆ పొడవాటి మొగ్గ, అంచులు వెనక్కి తిరిగే రేకులు ఆ వంశం నుంచి వచ్చినవే. అంటే మన ఈశాన్య కొండల చుట్టం ఒకరు ఎప్పుడో ఇంగ్లండ్ వెళ్ళి, అక్కడి మనవళ్ళుగా మళ్ళీ మన నర్సరీలకి వచ్చి ఎండకి సొమ్మసిల్లుతున్నారు.

ఆ జైజాంటియాని 1882లో మణిపూర్‌లో సర్ జార్జ్ వాట్, 1888లో బర్మా షాన్ కొండల్లో సర్ హెన్రీ కొలెట్ చూశారు. పేరుకి తగ్గ మొక్క అది. అడవిలో పెద్ద చెట్లకెక్కి నలభై, యాభై అడుగులు పాకుతుంది. పువ్వు అరచేయంత, మీగడ రంగు. రేకులు ఐదే. ఆకు ఏడాదంతా పచ్చగా ఉంటుంది. వీరరాఘవన్ దంపతులు 1990లో మణిపూర్ వెళ్ళి శిరుయి కొండ మీద దాన్ని వెతికి పట్టుకుని తెచ్చుకున్నారు. కొడైకెనాల్‌లో పెంచి దానితో సంకరం మొదలుపెట్టారు.

మీరు అంటు కట్టే మనుషులు కాబట్టి ఈ పని ఎంత ఓపికదో మీకే బాగా అర్థమవుతుంది. అంటు కట్టడం అంటే ఉన్న మొక్కని ఉన్నట్టుగా పెంచడం. ఆరు వారాల్లో తేలిపోతుంది, అతికించిన కన్ను (చిగురు మొగ్గ) పచ్చగా ఉంటే తగిలినట్టు, నల్లబడితే పోయినట్టు. సంకరం అలా కాదు. రేపు విచ్చుకోబోయే మొగ్గని ఈరోజు సాయంత్రమే పట్టుకోవాలి. రేకులు వలిచెయ్యాలి. దాని పుప్పొడి అదే తీసుకోకుండా కేసరాలన్నీ సన్న కత్తెరతో కత్తిరించాలి. మధ్యలో కొన మిగులుతుంది. దానికి వేరే గులాబీ పుప్పొడిని కుంచెతో రాసి కాగితం సంచి తొడగాలి. ఏ తల్లి, ఏ తండ్రి, ఏ తేదీ అని చీటీ కట్టాలి. కాయ నిలిస్తే మూడు నాలుగు నెలలకి నారింజ రంగు తిరుగుతుంది. లోపల గింజలు కొన్ని ఉంటాయి, కొన్నిసార్లు ఉండవు. ఉన్నవాటిలో మొలిచేవి కొన్నే. మొలిచినవాటిలో పనికొచ్చేది వందల్లో ఒకటి.

ఇది మామూలు గులాబీల మాట. అడవి గులాబీతో అయితే ఇంకో చిక్కు ఉంది. జైజాంటియాకి క్రోమోజోములు 14. మనం అమ్మే పెద్ద పూల రకాలకి 28. రెండూ కలిస్తే పిల్లకి 21. ఆ బేసి లెక్క వల్ల పిల్ల చాలాసార్లు గొడ్డుబోతుంది, కాయ పట్టదు, అక్కడితో వంశం ఆగిపోతుంది. ఆగకుండా కాయ కాసింది దొరికినా మొదటి తరం ఏడాదికి ఒక్కసారే పూస్తుంది, అదీ కొన్నేళ్ళు తీగ సాగాక. మళ్ళీ మళ్ళీ పూసే గుణం తిరిగి రావాలంటే దాన్ని మళ్ళీ తోట గులాబీతో కలపాలి, మళ్ళీ ఎదురుచూడాలి. ఒక మెట్టు ఎక్కడానికి ఏళ్ళు. ఇదంతా ఒక మనిషి తన జీతం రాళ్ళు వదులుకుని, ల్యాబూ, ప్రాజెక్టూ, గ్రాంటూ లేకుండా ఇంటి పెరట్లో చేశాడంటే నాకు నమ్మడానికి టైమ్ పట్టింది.

ఇంకో మొక్క గురించి మీకు, ముఖ్యంగా లంక గ్రామాల వాళ్ళకి, ప్రత్యేకంగా చెప్పాలి. దాని పేరు క్లైనోఫిల్లా. గంగ ఒడ్డు పల్లపు నేలల్లో, బెంగాల్ తడి నేలల్లో పెరిగే తెల్ల అడవి గులాబీ. ఉష్ణమండలపు గులాబీ అని చెప్పదగ్గది ఇదొక్కటే అంటారు. వరద వస్తే నీళ్ళలో నిలబడుతుంది. వరద తీసి ఎండ మాడ్చినా నిలబడుతుంది. గులాబీకి నీళ్ళు నిలవకూడదు అని మనం చిన్నప్పటి నుంచి విన్న మాట దీనికి వర్తించదు. వీరరాఘవన్ గారు దీన్ని కూడా సంకరంలోకి తెచ్చారు. గోదావరి వొండ్రు మీద, కాలవ పక్కన, ఆగస్టులో కుండీ అడుగున నీరు ఊరే చోట ఈ రక్తం ఉన్న గులాబీ ఎలా ఉంటుందో చూడటానికి బుర్రిలంక కంటే మంచి చోటు దేశంలో ఉందా?

ఆయన గులాబీల పేర్లు వింటే ఆ మనిషి ఎలాంటివాడో కాస్త తెలుస్తుంది. సర్ జార్జ్ వాట్, సర్ హెన్రీ కొలెట్. అడవి గులాబీని మొదట చూసినవాళ్ళ పేర్లు వాటి సంకరాలకి పెట్టారు. ముళ్ళు లేని ఒక రకానికి అహింస అని పేరు. పసుప్పచ్చ గులాబీ ఒకదానికి ఇ.కె. జానకి అమ్మాళ్ పేరు పెట్టారు. చెరకు మీద, మొక్కల క్రోమోజోముల మీద ప్రపంచం మెచ్చే పని చేసి, మన దేశంలో చాలామందికి తెలియకుండా ఉండిపోయిన శాస్త్రవేత్త ఆవిడ. ఇంకో రకం పేరు గోల్డెన్ త్రెషోల్డ్. ఆ పేరు వింటే హైదరాబాద్ వాళ్ళకి నాంపల్లిలో సరోజినీ నాయుడు గారి ఇల్లు గుర్తొస్తుంది. తన పేరు, తన వాళ్ళ పేర్లు పెట్టుకుంటూ పోవడం ఈ రంగంలో మామూలే. ఆయన మాత్రం మరుగున పడినవాళ్ళ పేర్లు ఏరి ఏరి మొక్కలకి తగిలించారు. అలాంటి మనిషి మొక్కకి మన దగ్గర లేబులే లేదు.

ఇది ఒక్కరి పని కాదని కూడా చెప్పాలి. గిరిజ గారు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి మనవరాలు. ఆ సంగతి అందరూ చెబుతారు కానీ, అడవి గులాబీల కోసం కొండలెక్కడంలో, పరదేశాల్లో సభల్లో మాట్లాడటంలో, రాయడంలో ఆవిడ సగం పాలు అని తక్కువమంది చెబుతారు. మీ ఊళ్ళోనూ అంతే కదా. నర్సరీ బోర్డు మీద ఒక మగవాడి పేరు ఉంటుంది. కవరు నింపేది, మొక్క మార్చేది, కలుపు తీసేది, నీళ్ళు పెట్టేది చాలా వరకు ఆడవాళ్ళు.

వీరరాఘవన్ గారికి ముందు మన దేశంలో గులాబీలకి పెద్ద దిక్కు డాక్టర్ బి.పి. పాల్. గోధుమ శాస్త్రవేత్త, 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి మొదటి డైరెక్టర్ జనరల్. దేశానికి తిండిగింజల టెన్షన్ ఉన్న రోజుల్లో అంత బరువు మోస్తూ ఆయన గులాబీలు కూడా తీశారు. తెల్లటి డాక్టర్ హోమీ భాభా ఆయనదే. అది మీలో కొందరి దగ్గర ఇప్పటికీ ఉండి ఉంటుంది, "తెల్ల గులాబీ" అన్న పేరుతో.

అసలు గొడవకి వస్తాను. కొత్త సంవత్సరం వస్తే మీరు వేల మొక్కలు పేర్చి నేల మీద అక్షరాలు రాస్తారు. టీవీల వాళ్ళు వస్తారు, జనం హైవే మీద కార్లు ఆపి సెల్ఫీలు దిగుతారు. బాగుంటుంది, నేనూ వచ్చి చూస్తాను. అన్ని వేల మొక్కలతో అక్షరాలు రాసేవాళ్ళు కుండీకి ఒక చిన్న చీటీ మీద ఆ మొక్క పేరు ఎందుకు రాయరు?

కొనేవాళ్ళు పేరు అడగరు అంటారు. నిజమే, ఇప్పుడు అడగరు. కానీ మామిడి సంగతి చూడండి. మన జిల్లాల్లో ఎవరైనా బజారుకెళ్ళి "పసుపు మామిడి ఇవ్వండి" అంటారా? బంగినపల్లి అంటారు, సువర్ణరేఖ అంటారు, చెరుకు రసం అంటారు. కొత్తపల్లి కొబ్బరి కాయలు ఆవకాయకి కావాలని ముందే చెప్పి ఉంచుతారు. పండూరి మామిడి అంటే పెద్దవాళ్ళ మొహం విప్పారుతుంది. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వచ్చిందంటే కారణం జనం నోట్లో ఆ పేరు అప్పటికే తరతరాలుగా ఉండటం. అమ్మేవాడు పేరు చెబితే కొనేవాడికి అలవాటైంది. గులాబీకీ అంతే. మీరు చెప్పడం మొదలుపెడితే పదేళ్ళలో మా కాలనీ వాళ్ళు జానకి అమ్మాళ్ గులాబీ ఉందా అని ఫోన్ చేసి అడుగుతారు.

పేరు రాయకపోతే నష్టపోయేది ముందు మీరే. కడియం చరిత్రే చూడండి. కాళ్ళు సరిగ్గా సహకరించకపోయినా దేశమంతా తిరిగి మొక్కలు తెచ్చిన పల్ల వెంకన్న గారి పేరు మీకు తెలుసు, మాకు తెలుసు. ఆ తరంలో ఆయనతో పాటు క్రోటన్లలో, మందారాల్లో, నూరువరహాల్లో కొత్త రంగులు పట్టుకున్న మేస్త్రులు ఎంతమంది! పచ్చటి మొక్కకి ఒక్క కొమ్మ మీద ఆకులు పసుపు చారలతో వచ్చాయనుకోండి, మీలో అనుభవం ఉన్నవాళ్ళు దాన్ని వదలరు. ఆ కొమ్మ కోసి గుచ్చి, చార నిలుస్తుందో లేదో చూసి, నిలిచినవాటి నుంచే మళ్ళీ కొమ్మలు తీస్తారు. ఒకే చెట్టుకి తెలుపు, గులాబీ రంగులు రెండూ పూసే మేరీ పామర్ కాగితం పువ్వు అలా కొమ్మ మారి దొరికిందే. దాని పేరు దానికి నిలిచింది. మీ చేతుల్లో అలా దొరికినవి మాత్రం లారీ ఎక్కి, ఆరు నెలల్లో వేరే రాష్ట్రంలో వేరే పేరుతో అమ్ముడవుతున్నాయి. పట్టుకున్న మనిషి ఎవరో వాళ్ళ పిల్లలకే తెలియదు.

దీనికి చట్టం ఉంది. మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం, 2001. గులాబీ, కాగితం పువ్వు, చామంతి ఆ చట్టం కింద నమోదు చేసుకోగల మొక్కల జాబితాలో ఉన్నాయి. రకం మిగతావాటికి భిన్నంగా ఉండాలి, మొక్క మొక్కకీ మారకుండా ఉండాలి, తరం తరానికీ నిలవాలి. ఇవీ షరతులు. కంపెనీలకే కాదు, రైతుకీ ఈ హక్కు ఉంది. మీ సంఘంలో ఒక కుర్రాడు ఫారాలు నింపడం నేర్చుకుంటే చాలు. వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, గోదావరి దాటితే చాలు. అక్కడి వాళ్ళు సాయం చెయ్యకపోతే అప్పుడు వాళ్ళకి కూడా ఒక బహిరంగ లేఖ రాద్దాం.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. మీ సంఘం తరఫున ఆ దంపతులకి ఒక ఉత్తరం రాయండి. వాళ్ళ రకాలు కట్టడానికి అనుమతి అడగండి, ఎక్కడ దొరుకుతాయో అడగండి. అడక్కుండా ఎవరి దగ్గరో కొమ్మ తెచ్చి పేరు మార్చి అమ్మే పని మాత్రం వద్దు, అది ఎక్కడ జరుగుతుందో మనకి తెలుసు. తెచ్చాక వెంటనే అమ్మకండి. కొడైకెనాల్ ఏడు వేల అడుగుల ఎత్తున ఉన్న చల్లటి ఊరు. అక్కడ పుట్టిన మొక్క మన 44 డిగ్రీల్లో ఎలా ఉంటుందో ఎవరు చెప్పినా నమ్మాల్సిన పని లేదు. వంశం మంచిదే, పరీక్ష మాత్రం ఇక్కడే జరగాలి. ఒక్క వరస వెయ్యండి. నీడ వలలు లేకుండా, మందులు కొట్టకుండా. పక్కనే మీరు ఇప్పుడు అమ్మే రకాల వరస ఒకటి. మే ఒకసారి, ఆగస్టు ఒకసారి దాటనివ్వండి. ఏ మొక్క మీద ఎన్ని ఆకులు మిగిలాయో ఒక నోటు పుస్తకంలో రాయండి. పోయినవి పోతాయి. నిలిచినవి మాత్రం పేరుతో, పుట్టించినవాళ్ళ పేరుతో కట్టండి.

ఆ వరస చూడటానికి ఆ దంపతులని ఒకసారి కడియం పిలవండి. రాగలరో లేదో వాళ్ళ వయసు, వాళ్ళ ఓపిక. రాలేకపోతే ఆ వరస వీడియో తీసి పంపండి, అది తియ్యడం మీ పిల్లలకి రెండు నిమిషాల పని. వస్తే మాత్రం స్టేజీ, మైకు, దండలు వద్దు. మీ మేస్త్రుల్లో పెద్దవాణ్ణి ఒకరిని ఆయన పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఇద్దరూ వేరు మొక్క గురించి, కన్ను తీసే కత్తి పదును గురించి మాట్లాడుకుంటారు. అది ఫోన్లో రికార్డు చెయ్యండి. ఆ రోజు నాకు కబురు పెడితే కాఫీలు అందించడానికైనా వస్తాను.

అన్నట్టు, డిసెంబరులో మీ దగ్గర కొన్న తెల్ల గులాబీ బాగానే పూస్తోంది. దాని పేరేమిటో తెలిస్తే చెప్పగలరు.

ఇట్లు,
రాజమహేంద్రవరం నుంచి
మీ పాత ఖాతాదారు